సోమవారం పాత లెక్క

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు. "నీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పు, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు కార్యదర్శి గారు. నా ఉద్యోగం ఏమిటో ముప్ఫై ఏళ్లలో మా అమ్మకే సరిగ్గా చెప్పలేకపోయాను. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో" అని ఊరుకునేది. ఇవాళ మైకు చేతికిచ్చారు కాబట్టి ఇంకోసారి ప్రయత్నిస్తాను.

మా రోజుల్లో ఈ బడికి ఒక అటెండరు ఉండేవారు. గదుల తాళాల గుత్తి ఆయన దగ్గరే. గంట ఆయనే కొట్టాలి. సుద్దముక్క కావాలన్నా, మ్యాపు కావాలన్నా, లేబొరేటరీ తలుపు తియ్యాలన్నా ఆయన్ని అడగాల్సిందే. ఎనిమిది 'ఎ' వాళ్లూ ఎనిమిది 'బి' వాళ్లూ ఒకేసారి గ్లోబు అడిగితే ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చేది కూడా ఆయనే. ఆయన బడిలో ఉన్నట్టు మనకు తెలిసేది కాదు. సెలవు పెట్టిన రోజున మాత్రం ప్రార్థన దగ్గర్నుంచీ అంతా తారుమారే. మీ ఫోన్‌లో ఆ అటెండరు చేసే పని చేసే ప్రోగ్రాంను కెర్నెల్ అంటారు. మీరు చూసే వాట్సాప్, కెమెరా, ఆటలు అన్నీ విద్యార్థుల్లాంటివి. జ్ఞాపకశక్తి కావాలన్నా, తెర మీద చుక్క పెట్టాలన్నా, టైము ఎంతో తెలియాలన్నా కెర్నెల్‌ను అడగాలి.

నేను పనిచేసేది లైనక్స్ కెర్నెల్ మీద. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది అదే. మూడు కోట్ల వరుసలు దాటిన ప్రోగ్రాం. తొమ్మిది పది వారాలకో కొత్త విడుదల వస్తుంది, ఒక్కో విడుదలలో పదివేలకు పైగా మార్పులుంటాయి. ప్రపంచం నలుమూలల నుంచీ వేల మంది చెయ్యి పెడతారు. అంతమంది చెయ్యి పెడితే వంట ఏమవుతుందో ఆడవాళ్లకే కాదు, మనందరికీ తెలుసు.

అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం, కెర్నెల్ మారినందువల్ల ఇవాళ నడవకపోతే తప్పు కెర్నెల్‌దే. "మీ ప్రోగ్రాం సరిగ్గా రాసుకోలేదు" అని తప్పించుకోవడానికి లేదు. నడిచినది నడవకపోవడం, బాగుచేసినది మళ్లీ పాడవడం, దీన్ని మా వాళ్లు రిగ్రెషన్ అంటారు. మన భాషలో అయితే మొదటికే మోసం రావడం. ఒకచోట గోడకు సున్నం వేస్తుంటే నిచ్చెన తగిలి ఇంకోచోట పెంకు జారిపడ్డట్టు.

దీనికి విరుగుడు ఒక్కటే. ఒక తప్పు దొరికి దాన్ని దిద్దినప్పుడల్లా, ఆ తప్పు మళ్లీ వస్తే పట్టుకునే చిన్న పరీక్ష ఒకటి రాసి పెట్టాలి. తర్వాత ఎవరు ఏ మార్పు చేసినా ఆ పాత పరీక్షలన్నీ మళ్లీ నడపాలి.

మా బ్యాచ్ వాళ్లు ఇప్పటికే నవ్వుతున్నారు. మా లెక్కల మాస్టారు సోమవారం పొద్దున్నే అయిదు లెక్కలు ఇచ్చేవారు. నాలుగు కొత్త పాఠంలోవి. అయిదోది ఎప్పటిదో పాతది. వడ్డీ లెక్కలు చెబుతున్న రోజుల్లో హఠాత్తుగా ఆరో తరగతి భిన్నాలు. "మాస్టారూ, ఇది పోయినేడాది అయిపోయింది కదండీ" అంటే, "అయిపోయింది పుస్తకంలోరా, నీ బుర్రలో ఉందో లేదో చూద్దాం" అనేవారు. లెక్క చేశాక కింద 'సరిచూచుట' అని రాసి జవాబును వెనక్కి పెట్టి చూపించకపోతే అర మార్కు పోయేది. ఆ అర మార్కుల కోసం ఆయనతో నేను ఎంత వాదించానో ఇక్కడున్న వాళ్లకు గుర్తే. ఇప్పుడు జీతం తీసుకుంటూ అదే పని చేస్తున్నాను. అయితే ఇది నేను మాస్టారి దగ్గర నేర్చుకుని నేరుగా ఉద్యోగంలో పెట్టానని చెబితే అబద్ధం. నడుమ ఇరవై ఏళ్లు మరిచిపోయాను. మళ్లీ ఎలా గుర్తొచ్చిందో చెబుతాను. ఇది నాకు గర్వంగా చెప్పుకునే సంగతి కాదు.

సుమారు పన్నెండేళ్ల కిందటి మాట. అప్పుడు నేనున్న సంస్థ పేరు అనవసరం. కోల్డ్ స్టోరేజిల్లో పెట్టే చిన్న పెట్టె ఒకటి తయారుచేసేవాళ్లం. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. అయిదు నిమిషాలకోసారి లోపలి చలి ఎంతో చూసి, తేదీతో, టైముతో సహా రాసుకుంటుంది. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకు ఆ రికార్డు ప్రాణం. సరుకు మొదటి నుంచీ మైనస్ 18 డిగ్రీల దగ్గరే ఉందని చూపించాలి. చూపించలేకపోతే సరుకు ఎంత బాగున్నా కొనేవాడు నమ్మడు.

ఆ పెట్టెలో ఒక చిన్న లైనక్స్. పక్కన ఒక గడియారం చిప్, దానికి రూపాయి బిళ్లంత బ్యాటరీ. కరెంటు పోయినా ఈ చిప్ టైము లెక్కపెడుతూనే ఉంటుంది. కరెంటు తిరిగి వచ్చి పెట్టె మేలుకున్నప్పుడు కెర్నెల్ మొదట చేసే పనుల్లో ఒకటి ఈ చిప్‌ను "ఇప్పుడు తేదీ ఎంత?" అని అడగడం. ఆ ఒక్కసారి అడిగి, ఆ తర్వాత తన లెక్క తను నడుపుకుంటుంది.

పిల్లలూ, ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, ఇది లెక్కే. గడియారం చిప్‌లు అంకెలను ఒక పాత పద్ధతిలో దాచుకుంటాయి. పదుల స్థానానికి నాలుగు బిట్లు, ఒకట్ల స్థానానికి నాలుగు బిట్లు. అంటే 10 అనే సంఖ్య 0001 0000 అని ఉంటుంది. కంప్యూటర్ మామూలు పద్ధతిలో ఈ ఎనిమిది బిట్లనూ కలిపి చదివితే అది 16. కాబట్టి చిప్ నుంచి వచ్చిన ప్రతి అంకెనూ మార్చి చదువుకోవాలి. మార్చడం మరిచిపోతే? 1 నుంచి 9 వరకు ఏ తేడా రాదు. రెండు పద్ధతుల్లోనూ ఒకటే. 10 దగ్గర తేడా మొదలవుతుంది.

నిమిషాల దగ్గర మరిచిపోతే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రోజు దగ్గర మరిచిపోతే పదో తారీఖున తెలుస్తుంది. నెల దగ్గర మరిచిపోతే?

అక్టోబరు దాకా తెలియదు.

చిప్ కంపెనీ వాళ్లిచ్చిన డ్రైవరులో సరిగ్గా అదే జరిగింది. నెల అంకె ఉండే చోటే ఒక మూల శతాబ్దం మారిందా లేదా అనే గుర్తు కూడా ఉంటుంది. ఆ గుర్తును తుడిచేసే హడావుడిలో అంకెను మార్చే మాట మరిచిపోయారు. ఒకసారి దసరా సెలవుల ముందు ఏదో చూస్తూ అక్టోబరు తేదీ పెడితే పెట్టె గజిబిజి అయింది. వెతికి పట్టుకున్నాను. ఒక్క వరుస దిద్దాను. మార్పు పక్కన కారణం రాయాలి. 'గడియారం సరిచేశాను' అని రెండు ముక్కలు గీకి ఇంటికి వెళ్లిపోయాను. టెస్టు రాయలేదు. ఒక్క వరుసకు టెస్టేమిటి అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత కొత్త కెర్నెల్‌కు మారాల్సి వచ్చింది, పాతదానికి భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది కనుక. ఆ పని మా బృందంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి ఇచ్చాను. గడియారం సంగతి అడిగింది. "చిప్ వాళ్లు కొత్త ఫైలు ఇచ్చారమ్మా, పాతది తీసేసి అది పెట్టు" అన్నాను. చెప్పినట్టే చేసింది. కొత్త ఫైలులో వాళ్ల పాత తప్పు అలాగే ఉంది. నా ఒక్క వరుస పోయింది. మే నెలలో అన్ని పరీక్షలూ చేశాం. మే అయిదో నెల. అంతా బాగుంది. జూన్‌లో పెట్టెలు వెళ్లిపోయాయి.

అక్టోబరులో తుపాను వచ్చింది. కోస్తాలో కరెంటు పోయింది. ఒక ప్లాంటులో జనరేటరు అందుకునేలోపు రెండు నిమిషాలు పెట్టె ఆగి మళ్లీ మేలుకుంది. గడియారాన్ని అడిగింది. పదహారో నెల అని జవాబు. అలాంటి నెల లేదని కెర్నెల్ ఆ జవాబును తోసిపుచ్చింది, ఆ మాత్రం తెలివి దానికి ఉంది. తోసిపుచ్చాక తన లెక్క మొదలయ్యే చోటి నుంచి మొదలుపెట్టింది. యూనిక్స్ కుటుంబంలో కాలం మొదలయ్యేది 1970 జనవరి 1న. మన టైము ప్రకారం ఉదయం 5:30. సరుకు చెక్కుచెదరలేదు, చలి తగ్గలేదు. కాగితం మీద మాత్రం ఆ రొయ్యలు నేను పుట్టకముందు నుంచీ గిడ్డంగిలో ఉన్నాయి. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు రెండు కంటైనర్లు ఆగిపోయి, ఆ యజమాని మా ఆఫీసు వరండాలో సాయంత్రం దాకా కూర్చున్నప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాడు మీటింగు. "ఈ ఫైలు ఎవరు మార్చారు?" అని అడిగారు పైవాళ్లు. ఏ వరుస ఎవరు మార్చారో మా వ్యవస్థలో పేరుతో సహా ఉంటుంది. ఆ అమ్మాయి పేరు కనబడింది. నేను నోరు విప్పలేదు. నా పాత దిద్దుబాటు సంగతి అప్పటికి నిజంగానే గుర్తులేదు. కానీ ఆ ఫైలు పెట్టమన్నది నేనేనన్న సంగతి మాత్రం గుర్తుంది. ఆ రాత్రి పాత మార్పులు తిరగేస్తుంటే నా రెండు ముక్కలు కనిపించాయి: 'గడియారం సరిచేశాను'. మర్నాడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. అప్పటికే అందరూ వేరే పనిలో పడ్డారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాలుగు నెలలకు ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. వెళ్లే ముందు నోటీసు కాలంలో ఎవరూ చెప్పకుండానే ఒక పని చేసింది. ఆ డ్రైవరును రెండుగా విడదీసింది. చిప్‌తో మాట్లాడి ఏడు అంకెలు తెచ్చే భాగం ఒకటి, ఆ ఏడు అంకెలను తేదీగా మార్చే భాగం ఒకటి. రెండో భాగానికి చిప్‌తో పనిలేదు, మన ఇంట్లో కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. దానికి పన్నెండు నెలల అంకెలూ వరసగా ఇచ్చి సరైన నెల వస్తోందో లేదో చూసే టెస్టు రాసింది. ఫిబ్రవరి 29, డిసెంబరు 31, 2000 సంవత్సరం కూడా చేర్చింది. మొత్తం నలభై వరుసలు లేవు. నడవడానికి సెకను కూడా పట్టదు.

కెర్నెల్‌కు ఇలాంటి చిన్న టెస్టులు రాయడం ఎందుకు కష్టమంటే, కెర్నెల్ ఎప్పుడూ నిజమైన సామాను మీద పనిచేస్తుంది. మామూలు ప్రోగ్రాం పడిపోతే అదొక్కటే పడిపోతుంది. కెర్నెల్ పడిపోతే పరీక్ష పెట్టినవాడితో సహా బడే కూలిపోతుంది. పైగా నా దగ్గర లేని చిప్‌ను నేనెలా పరీక్షించను? అందుకే చాలా ఏళ్లు కెర్నెల్‌ను ఎక్కువగా పరీక్షించింది వాడేవాళ్లే. కొత్తది వదలడం, ఎవరైనా గోల పెడితే దిద్దడం. ఆ అమ్మాయి చేసినట్టు, సామానుతో సంబంధం లేని లెక్కను విడదీసి దాన్నొక్కదాన్నే పరీక్షించడం ఈ చిక్కుకు ఒక దారి. తర్వాత లైనక్స్‌లోనే ఇందుకోసం కెయూనిట్ అనే ఏర్పాటు వచ్చింది, 2020 జనవరిలో విడుదలైన 5.5లో. కెర్నెల్‌ను ఒక మామూలు ప్రోగ్రాంలాగా మీ ల్యాప్‌టాప్ మీదే నడిపి, లోపలి చిన్న చిన్న లెక్కలను ఒక్కొక్కటిగా చూడవచ్చు. కెసెల్ఫ్‌టెస్ట్ అనే ఇంకో సంచి ఉంది. అది లేచి నడుస్తున్న కెర్నెల్‌ను బయట నుంచి ప్రశ్నలడుగుతుంది. రెండూ కావాలి.

మాది చిన్న సంస్థ, రెండు కంటైనర్ల కథ. పెద్దవాళ్లకూ ఇవి తప్పలేదు. 2010 జనవరి 1న కొన్ని ఫోన్లకు వచ్చిన సందేశాల మీద 2016 అని తేదీ పడింది. 10ని 16 అని చదివే మా తప్పుకు ఇది అచ్చం తోబుట్టువు. అదే వారం జర్మనీలో సుమారు మూడు కోట్ల బ్యాంకు కార్డులు 2010 అనే సంవత్సరాన్ని అర్థం చేసుకోలేక మొరాయించాయి.

ఇంకా విచిత్రమైనది 2012 జూన్ 30 రాత్రి. భూమి తిరిగే వేగం మన గడియారాలతో పూర్తిగా కలవదు కాబట్టి అప్పుడప్పుడూ ఒక సెకను కలిపేవారు, లీపు సెకను అంటారు. ఆ రాత్రి గ్రీన్విచ్ లెక్కలో అర్ధరాత్రికి, మనకు జూలై 1 తెల్లవారి 5:30కి, ఒక సెకను కలిపారు. కెర్నెల్ తన గడియారాన్ని సరిగ్గానే ఒక సెకను వెనక్కి పెట్టుకుంది. కానీ లోపల అలారాలు చూసుకునే విభాగానికి ఆ కబురు చెప్పడం మరిచిపోయింది. ఆ విభాగం ఒక సెకను ముందే ఉండిపోయింది. ఎవరైనా "నన్ను అర సెకనులో లేపు" అంటే "ఆ టైము ఎప్పుడో అయిపోయింది, లే" అని వెంటనే లేపేది. వాడు మళ్లీ పడుకోబోతే మళ్లీ లేపేది. నిద్ర లేక ప్రపంచమంతటా సర్వర్లు వేడెక్కిపోయాయి. పేరున్న వెబ్‌సైట్లు ఆగిపోయాయి, ఆస్ట్రేలియాలో విమాన ప్రయాణికులు చెక్-ఇన్ దగ్గర బారులు తీరారు. మందు ఏమిటో తెలుసా? కంప్యూటర్‌కు ఉన్న తేదీనే మళ్లీ ఒకసారి పెట్టడం. పెడితే ఆ కబురు అలారాల విభాగానికి అందేది, అంతా సర్దుకునేది.

ఆ తప్పును దిద్దారు. అంతటితో వదిలేస్తే? లీపు సెకను ఎప్పుడో ఏళ్లకోసారి వస్తుంది. ఈలోగా కెర్నెల్‌లో ఎన్ని వేల మార్పులు జరుగుతాయో, ఏది ఎప్పుడు చెడిందో తెలిసేది మళ్లీ ఆ రాత్రికే. అందుకని ఒక టెస్టు రాశారు, ఇప్పటికీ కెర్నెల్‌తో పాటే వస్తుంది. అది కంప్యూటర్ తేదీని అర్ధరాత్రికి పది సెకన్ల ముందుకు పెట్టి, "ఇవాళ లీపు సెకను ఉంది" అని కెర్నెల్‌ను నమ్మించి, ఏమవుతుందో చూస్తుంది. మళ్లీ అదే, మళ్లీ అదే. ఏళ్లకోసారి వచ్చే రాత్రి నిమిషానికి నాలుగైదు సార్లు వస్తుంది. నాకు నచ్చిన టెస్టుల్లో ఇది మొదటిది. 2016 డిసెంబరు 31 తర్వాత ఇంతవరకూ లీపు సెకను కలపలేదు. 2035 లోపు ఈ పద్ధతికే స్వస్తి చెప్పాలని 2022లో ప్రపంచ దేశాలు తీర్మానించాయి కూడా. టెస్టు మాత్రం ఉంది.

రెండోది ఫైళ్ల తేదీలది. 32 బిట్లలో సెకన్లు లెక్కపెడితే 1901 డిసెంబరు 13 నుంచి 2038 జనవరి 19 వరకే సరిపోతుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్-4 అనే ఫైళ్ల అమరికలో మరో రెండు బిట్లు అరువు తెచ్చి దాన్ని 2446 మే 10 దాకా లాగారు. ఆ రెండు బిట్లను చదవడంలో, రాయడంలో ఒకప్పుడు పొరపాటు జరిగింది. 1970కి ముందు తేదీ ఉన్న ఫైళ్లకు ఆ బిట్లు తప్పుగా పడేవి. తర్వాత దిద్దారు. అక్కడ మూలంలో రాసిన ఒక వ్యాఖ్య చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. అలా చెడిన డిస్కులను ఫలానా పనిముట్టు బాగుచేస్తుంది, కాకపోతే దాన్ని 2242 లోపు నడపాలి అని. ఎంత నిబ్బరం! కెయూనిట్‌తో పాటు మొదటగా వచ్చిన టెస్టుల్లో ఒకటి ఈ తేదీలకే. 1901 అంచు, 1969 అంచు, 2038 అంచు, అలా 2446 దాకా ప్రతి గట్టు మీదా నిలబడి చూస్తుంది. తప్పులు ఎప్పుడూ గట్ల దగ్గరే ఉంటాయి, నడి చేలో ఉండవు.

మూడోది మా గడియారం జాతిదే. సెకన్ల లెక్కను తేదీగా మార్చే సూత్రాన్ని 2021లో మరింత వేగంగా నడిచేలా తిరగరాశారు. తిరగరాసింది పాతదానిలాగే జవాబిస్తుందని నమ్మకమేమిటి? 1970 జనవరి 1 నుంచి 1,60,000 సంవత్సరాల వరకు ఒక్కో రోజూ లెక్కవేసి చూసే టెస్టు పెట్టారు. 400 సంవత్సరాలకు 1,46,097 రోజులు, కాబట్టి మొత్తం 5,84,38,800 రోజులు. పిల్లలూ, ఇంటికెళ్లి గుణించి చూడండి, సరిచూడండి కూడా. మా పెట్టెకు పన్నెండు నెలలు చూసుకోవడానికి నాకు ఓపిక లేకపోయింది.

టెస్టులుంటే ఇంకో లాభం ఉంది. పదహారు వేల మార్పుల్లో ఏదో ఒకటి చెడగొట్టింది, ఏదో తెలియదు. నిఘంటువులో మాట వెతికినట్టు సగానికి తెరుస్తాం. అక్కడ టెస్టు నడుపుతాం. బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంది, లేకపోతే ముందు సగంలో. మళ్లీ సగం. పద్నాలుగు సార్లు తెరిస్తే ఒక్క మార్పు దగ్గర ఆగుతాం. టెస్టు చేతిలో ఉంటే ఇదంతా యంత్రమే చేసుకుంటుంది, మనం కాఫీ తాగి రావచ్చు. లేకపోతే ప్రతిసారీ ఒక మనిషి కూర్చుని కళ్లతో చూడాలి.

అయితే టెస్టు ఉంటే చాలని ఎవరైనా అంటే నమ్మకండి. అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పదు. అంతకంటే ప్రమాదమైనది ఒకసారి పాసై, ఒకసారి ఫెయిలయ్యే టెస్టు. కాలంతో ముడిపడినవాటిలో ఇవి ఎక్కువ. యంత్రం ఆ క్షణాన ఇంకేదో పనిలో ఉంటే పది మిల్లీసెకన్లు అనుకున్నది పన్నెండు అవుతుంది, టెస్టు కేక వేస్తుంది. 'నాన్నా పులి' కథే. మూడుసార్లు ఉత్తుత్తి కేక విన్నవాడు నాలుగోసారి లేవడు. అలాంటి టెస్టును బాగుచేయాలి, కుదరకపోతే నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. మా దగ్గర కుర్రాళ్లు దీనికి ఒప్పుకోరు, టెస్టుల సంఖ్య తగ్గుతుందని బాధ. నేను తీసేస్తాను.

ఇంకొకటి. టెస్టు రాశాక దిద్దుబాటును ఒకసారి చేతులారా తీసేసి చూడాలి. అప్పుడు టెస్టు ఫెయిల్ కావాలి. తప్పు ఉన్నప్పుడు కూడా పాసయ్యే టెస్టులు నేను చాలా చూశాను, కొన్ని నేనే రాశాను. ఆ అమ్మాయి తన టెస్టు పక్కన రాసిన వివరణలో ఇది కూడా ఉంది. ఫలానా వరుస తీసేస్తే అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడూ ఫెయిలవుతున్నాయి, చూశాను అని. తప్పు ఏమిటి, ఎందుకు సెప్టెంబరు దాకా కనబడదు, ఎక్కడ పోయింది అన్నీ పూసగుచ్చినట్టు రాసింది. ఎవరి పేరూ రాయలేదు. నా రెండు ముక్కల పక్కన పెట్టి చూస్తే సిగ్గేసింది. ఆ టెస్టు ఆ తర్వాత రెండుసార్లు అదే తప్పును పట్టుకుంది. రెండుసార్లూ అదే చిప్ కంపెనీ ఫైలు. ఏ పెట్టే బయటికి వెళ్లలేదు.

ఈ ప్రసంగం రాసుకుంటూ పోయిన నెల ఆమెకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఇప్పుడు నాకంటే పెద్ద హోదాలో ఉంది. ఈ సంగతి సభలో చెప్పవచ్చా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మీటింగులో మీ వైపే చూశాను సార్. మీరు కాగితాలు సర్దుకుంటున్నారు" అంది. అవును, సర్దుకుంటున్నాను. ఇన్నేళ్లకు చెప్పాల్సిన మాట చెప్పాను. "సరే సార్" అంది. క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగలేదు. "చెప్పండి, కానీ నా పేరు వద్దు. ఆ టెస్టు ఇంకా నడుస్తోందా?" అని అడిగింది. నేనక్కడ లేను కాబట్టి ఆ కంపెనీలో ఉన్న పాత మిత్రుణ్ని కనుక్కున్నాను. కెయూనిట్‌లోకి మార్చి పెట్టారట, రోజూ రాత్రి నడుస్తోందట. ఆమెకు ఆ కబురు పంపాను.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఆయన గడియారంలో నెల సరిగ్గానే ఉందని నమ్ముతున్నాను.

చివరగా పిల్లలకు ఒక మాట, ఇది ప్రకటన మాత్రమే. రేపు ఆదివారం పొద్దున పది గంటలకు కంప్యూటర్ గదిలో ఉంటాను. హెడ్‌మాస్టరు గారిని అడిగి తాళం తీసుకున్నాను. రెండు ల్యాప్‌టాప్‌లు తెచ్చాను. వాటిలో కెర్నెల్ ఉంది, మా పెట్టె గడియారం లాంటి చిన్న లెక్క ఒకటి తప్పుతో సహా ఉంది. తప్పు ఎక్కడుందో నేను చెప్పను. ఏ నెలలు ఇచ్చి చూడాలో మీరే తేల్చి, టెస్టు రాసి పట్టుకోవాలి. ఇంగ్లీషు రాదని భయపడకండి, అంకెలు వస్తే చాలు. ఎనిమిదో తరగతి నుంచి ఎవరైనా రావచ్చు. నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి. మా లెక్కల మాస్టారు కూడా వస్తానన్నారు, కాబట్టి సరిచూడకుండా చూపించకండి.